కొంగను కాపాడబోయాను

ఈమెయిల్ ప్రోగ్రామ్ ఒకటి మూలపడితే ఎవరి కొంపా మునగదని మీరు అనుకుంటూ ఉంటారు. నిజమే, దాని మానాన దాన్ని వదిలేస్తే మునగదు. నాలాంటివాడు ఒకడు చొక్కా చేతులు మడిచి దాన్ని కాపాడటానికి దిగితే మాత్రం ఒక ఉద్యోగం, ఒక స్నేహం, ఒక తెలుగు సంఘం, ఒక కాపురం కలిసికట్టుగా మునగడానికి ఒక్క శనివారం మధ్యాహ్నం చాలు. అది ఎలాగో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లోని మురళి అనేవాడి మీద నాకు జాలి ఎప్పుడో పోయింది.

అప్పట్లో వాడు, అంటే నేను, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో హెచ్‌వన్‌బి వీసా మీద ఉద్యోగం చేస్తుండేవాణ్ణి. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతికి టికెట్లనే ఫిర్యాదులు రాయడం నా పని. రాయగా రాయగా, ప్రపంచంలో తప్పు చేయనివాణ్ణి నేనొక్కణ్ణే అనే గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకానికి తోడు హెరాన్ దొరికింది.

హెరాన్ ఒక ఓపెన్ సోర్స్ ఈమెయిల్ ప్రోగ్రామ్. ముక్కున కవరు కరచుకున్న కొంగ దాని గుర్తు. దాని కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాడుకునేవాళ్లు కోకొల్లలు. బాగుచేసేవాడు మిచిగన్‌లో ఒకే ఒక్కడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని మనిషి స్వేచ్ఛకు చివరి ఆశ అని ప్రచారం చేసేవాణ్ణి. ఎవరింట్లో పాట్‌లక్ జరిగినా మిగతావాళ్లు గుత్తివంకాయ పట్టుకెళితే నేను పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లేవాణ్ణి. తినడానికి వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌లు తెప్పించి మరీ కొంగను ఎక్కించేవాణ్ణి.

"అన్నా, నాకు ఫోన్ల మెయిల్ మంచిగనే వస్తున్నది గద," అన్నాడొకసారి శ్రీకాంత్. కరీంనగర్ కుర్రాడు, మా ఆఫీసులోనే పక్క టీమ్.

"వస్తుంది. కానీ ఆ మెయిల్ నీది కాదు, ఆ కంపెనీది."

"మా బాపు రాసిన మెయిల్ కంపెనీది ఎట్లయితదే?"

"నీకు అర్థం కావడానికి టైమ్ పడుతుందిలే," అని ఇన్‌స్టాల్ నొక్కేశాను.

మా ఊరి తెలుగు సంఘం అధ్యక్షులు ప్రభాకర్ గారిని కూడా వదల్లేదు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన పెద్దమనిషి.

"ఏవయ్యా మురళీ, ఇది పెడితే నా ఫొటోలు పోవు కదా?"

"పోవు సార్. ఇకనుంచి మీరు చెప్పందే మీ మెయిల్ గడప దాటదు."

ఈ మాట నేనే అన్నాను. సాక్షులున్నారు.

మా ఆవిడ సునీత ఒక్కతే దాన్ని ఉన్నదున్నట్టు పిలిచేది. "మీ కొంగ మళ్లీ తెరుచుకోవడం లేదు," అనేది. ఆవిడ ల్యాప్‌టాప్‌లో కూడా అదే పెట్టాను మరి. ఇంట్లో ప్రజాస్వామ్యం అంతమాత్రం.

ఇలా ఉండగా, హెరాన్‌ని పోషిస్తున్న సంస్థ ఒక ప్రకటన చేసింది. తమ దగ్గర నిధులు లేవట, ఈ ప్రోగ్రామ్‌కి కొత్త ఇల్లు వెతుకుతున్నారట. ఆఫీసుల్లో మనిషిని తీసేసేటప్పుడు కూడా ఇంత తియ్యగానే చెబుతారు. ఆ పూట ఒకరు రాస్తే హెరాన్ వాడుకరులందరికీ చేరే మెయిలింగ్ లిస్టులో శోకాలు మొదలయ్యాయి. హెరాన్ లేనిదే తాను బతకలేనని ఒకాయన రాశాడు. ముందు కొంగ రంగు మారిస్తే జనం వస్తారని ఇంకొకాయన రాశాడు. రంగు మీద వాదన వారాల తరబడి నడిచింది. భవిష్యత్తు గురించి ఆలోచించడానికి కమిటీ వేద్దామని ఒకరంటే, దాన్ని కమిటీ అనాలా కౌన్సిల్ అనాలా అని ఇంకో యుద్ధం. కోడ్ రాస్తానని మాత్రం ఒక్క ప్రాణి అనలేదు. అందరూ రోగి మంచం చుట్టూ చేరి దుప్పటి డిజైన్ గురించి మాట్లాడుకుంటున్నారు.

చివరికి వాల్టర్ రాశాడు. మిచిగన్‌లోని ఆ ఒకే ఒక్కడు ఈయనే. నోవై దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. చలికాలమంతా వాకిట్లో మంచు తవ్వుతూ, మిగతా టైమంతా బేస్‌మెంట్‌లో కూర్చుని హెరాన్‌కి అతుకులు వేస్తూ గడిపాడు. "నేను అలసిపోయాను. ఎవరైనా తీసుకుంటే సంతోషం. లేకపోతే మర్యాదగా మూసేద్దాం," అన్నాడు.

మీరైతే ఏం చేసేవారు? ధన్యవాదాలు చెప్పేవారు. నేను ఆరు పేరాల జవాబు రాశాను. మూసేయడానికి మీరెవరని అడిగాను. స్వేచ్ఛ అన్నాను, చరిత్ర క్షమించదన్నాను. ఆఖర్న, "చేతకాకపోతే తప్పుకోండి, చేతనైనవాళ్లం ఉన్నాం," అన్నాను. లిస్టులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

వాల్టర్ నుంచి ఒక్క లైను వచ్చింది. "ఎప్పటినుంచి మొదలుపెడతారు?"

ఆ లైను సునీతకు చూపించాను, మెడల్ చూపించినట్టు.

"అంటే ఏమిటి?" అంది.

"ఇకనుంచి హెరాన్ బాధ్యత నాది."

"దాని లోపల ఏముందో మీకు తెలుసా?"

"సి ప్లస్ ప్లస్ ఉంటుంది."

"మీకు వచ్చా?"

"కాలేజీలో చదివాను."

"పాసయ్యారా?"

"ఆ ప్రొఫెసర్‌కి నేనంటే పడేది కాదు," అన్నాను. ఆవిడ గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. ఆ వెళ్లడంలోనే అంతా ఉంది. కానీ ఆ రోజు నాకు వీపులు చదవడం రాదు.

వాల్టర్ ఫోన్‌లో పాస్‌వర్డ్‌లన్నీ అప్పగించాడు. గొంతులో అంత హుషారు చూసి నాకు అనుమానం రావాల్సింది.

"ఒక్క మాట," అన్నాడు. "డ్రాఫ్టుల జోలికి మాత్రం వెళ్లకండి."

"ఏం?"

"అది ఎలా పనిచేస్తోందో నాక్కూడా తెలియదు. రాసినాయన ఇప్పుడు వెర్మాంట్‌లో మేకలు పెంచుకుంటున్నాడు."

నేను ఎక్కడికి వెళ్లి ఉంటానో మీరు ఊహించే ఉంటారు.

హెరాన్‌కి కొత్త వెర్షన్ వచ్చి చాలా కాలమైంది. అది బతికే ఉందని లోకానికి చూపించాలంటే వెంటనే ఒకటి విడుదల చేయాలని తీర్మానించాను. కోడ్ తెరిచాను. అందులో తొంభై పాళ్లు నాకు అర్థం కాలేదు. అర్థం కాని భాగాలు బాగానే ఉండి ఉంటాయని వాటిని వదిలేశాను. అర్థమైన ఆ కాస్తలో ఒక ఘోరం కనిపించింది. ఇంకా పంపని డ్రాఫ్టుల కోసం ఒక కోడ్ ఉంది, పంపడానికి సిద్ధంగా ఉన్న మెయిళ్ల కోసం ఇంకో కోడ్ ఉంది. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకే పనికి రెండుసార్లు రాసుకున్న ఈ మూర్ఖుల గురించి నాలో నేనే కాసేపు నవ్వుకుని, మొదటిదాన్ని పీకేసి, రెండింటికీ రెండోదే సరిపెట్టాను. పరీక్ష కూడా చేశానండోయ్. కొత్త ఖాతా ఒకటి తెరిచి నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. అది చేరింది. డ్రాఫ్టులే లేని ఖాతాలో డ్రాఫ్టులను పరీక్షించిన మహానుభావుణ్ణి నేను.

శనివారం పొద్దున విడుదల చేశాను. ఎవరు హెరాన్ తెరిస్తే వాళ్లకు కొత్త వెర్షన్ దానంతటదే ఎక్కుతుంది. ఆ రోజే మా సంఘం పిక్నిక్. పార్కులో షెడ్డు కింద పులిహోర ట్రేలు, పక్కన పొయ్యి మీద చికెన్, స్పీకర్లు, మైకు. శ్రీకాంత్ పాటకు సిద్ధమవుతున్నాడు. నేను వాడి చేతిలోంచి మైకు లాక్కుని, మన ఆష్‌బర్న్ తెలుగువాడు ప్రపంచ సాఫ్ట్‌వేర్‌ని కాపాడిన వైనం వివరించాను. జనం పులిహోర వైపు చూస్తున్నారు. ప్రభాకర్ గారి ల్యాప్‌టాప్ సంఘం ఫొటోల కోసం అక్కడే ఉంది. దాని పక్కన నాది పెట్టి, ఫోన్ ఇంటర్నెట్‌కి కలిపి, అందరూ చూస్తుండగా రెండింట్లోనూ హెరాన్ తెరిచాను. కొత్త వెర్షన్ ఎక్కింది. ఎవరో మర్యాదకు చప్పట్లు కొట్టారు. మైకు శ్రీకాంత్‌కి తిరిగిచ్చాను.

వాడు గొంతు సవరించుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు.

"సార్," అన్నాడు మైకులోనే. పార్కంతా వినిపించింది. "గిది మీరే రాసిండ్రా?"

"ఏది?" అన్నారు ప్రభాకర్ గారు.

"బాబూ శ్రీకాంత్, ఉగాదికి నువ్వు పాడాక చాలామంది నాకు ఫోన్ చేశారు. నీ మీద ఎవరికీ కోపం లేదు, కానీ ఇకమీదట నీకు వడ్డన పని అప్పగిస్తే బాగుంటుందని..." అని శ్రీకాంత్ చదివాడు.

ప్రభాకర్ గారి చేతిలో ప్లేటు వంగిపోయింది. "అది నేను పంపలేదయ్యా."

"పంపలే సార్. కానీ రాసిండ్రు గద."

నాకు ఇంకా వెలగలేదు. ఈలోగా నా ఫోన్ కూడా మోగడం మొదలుపెట్టింది. ఆగడం లేదు. పిక్నిక్‌కి రాకుండా ఇంట్లో ఉన్నవాళ్లు, వచ్చినా ల్యాప్‌టాప్ మూయకుండా వచ్చినవాళ్లు, నేను కొంగను ఎక్కించిన ప్రతి ఇంటినుంచీ మెయిళ్లు. "మురళి గారూ, ఏమీ అనుకోకపోతే ఈ హెరాన్ ఎలా తీసేయాలో చెప్పగలరా?" అని ఒకరు. "మీరు బాధపడతారని ఇన్నాళ్లూ అడగలేదు," అని ఒకరు. అన్నీ ఎప్పుడో రాసి, మొహమాటంకొద్దీ పంపకుండా దాచుకున్నవి. వాటి మధ్య శ్రీకాంత్‌ది కూడా ఉంది. "అన్నా, నీ కొంగ నాకొద్దు. ఎట్ల తీసెయ్యాల్నో ఎవర్నన్న తెలిసినోళ్లను అడిగి చెప్పు."

తెలిసినోళ్లను అడిగి.

అప్పుడు వెలిగింది. నేను డ్రాఫ్టుల కోడ్ పీకేసి, పంపే కోడ్‌ని ఆ స్థానంలో పెట్టాను. ఇప్పుడు హెరాన్‌కి డ్రాఫ్టుకీ, పంపాల్సిన మెయిల్‌కీ తేడా లేదు. దాచుకున్నదల్లా పంపేస్తోంది. మనిషి మర్యాదస్తుడిగా చలామణీ కావడానికి డ్రాఫ్టుల ఫోల్డరే కారణమని, అందులో పెట్టి మరచిపోవడం వల్లే సంఘాలూ సంసారాలూ నడుస్తున్నాయని అంతకుముందు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ వెంటనే నా డ్రాఫ్టులు గుర్తొచ్చాయి.

రెండున్నాయి. ఒకటి ప్రభాకర్ గారికి. ఉగాది వేదిక మీద ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడటానికి నాకు పది నిమిషాలు ఇవ్వనందుకు ఆయన్ను చేతకాని అధ్యక్షులని తిడుతూ రాసింది. రెండోది మా మేనేజర్ లిండాకి. నా పనికి ఆమె మార్కులేసిన అప్రైజల్ నచ్చక, నాయకత్వం అంటే ఏమిటో ఆమెకు వివరంగా బోధిస్తూ రాసింది. ఇంగ్లిష్‌కి కాస్త మెరుగుపెట్టి పంపుదామని ఆపాను. నా గ్రీన్ కార్డు కాగితాలు అప్పుడు లిండా సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. ఉద్యోగం పోతే ఈ దేశంలో మిగిలే గడువు అరవై రోజులేనని హెచ్‌వన్‌బి మీద ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అక్కడే గడ్డిలో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని లిండాకి క్షమాపణ రాయడం మొదలుపెట్టాను. దేంట్లో రాశానని అడగండి. హెరాన్‌లోనే. ఆలోచించి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఓ రూపానికి తెచ్చి పంపాను. కాస్త ఊపిరి పీల్చుకుని ప్రభాకర్ గారికి మొదలుపెట్టాను.

"ఆయన అదిగో, అక్కడే ఉన్నారు," అంది సునీత. "లేచి వెళ్లి చెప్పొచ్చుగా."

"రాతపూర్వకంగా ఉంటే మర్యాదగా ఉంటుంది."

నాలుగు మాటలు కొట్టి ఆలోచించడానికి ఆగాను. అవతల ప్రభాకర్ గారి ఫోన్ మోగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని అందరికీ వినిపించేలా చదివారు.

"ప్రభాకర్ గారూ, మీరు చేతకాని అధ్యక్షులని నేను."

"అది పూర్తి కాలేదు సార్," అని అరుస్తూ గబగబా టైపు చేశాను. మళ్లీ మోగింది.

"ప్రభాకర్ గారూ, మీరు చేతకాని అధ్యక్షులని నేను మనస్ఫూర్తిగా." ఆయన తలెత్తి నా వైపు చూశారు. "ఏవయ్యా, ఇందాకటిది చాలలేదా? పక్కనే కూర్చుని ముక్కలు ముక్కలుగా పంపుతున్నావేమిటి?"

"ఇంకొక్క మాట ఉంది సార్."

సునీత వచ్చి నా వేళ్ల మీదే ల్యాప్‌టాప్ మూసేసింది. 'ఎప్పుడూ అనుకోలేదు' అన్న ముక్క ఆయనకు ఈ రోజుకీ చేరలేదు.

ఏం జరుగుతోందో అర్థమైంది కదా. మనం రాస్తుండగా కరెంటు పోయినా నష్టం లేకుండా హెరాన్ కాసేపటికోసారి దానంతటదే డ్రాఫ్టు దాస్తుంది. దాచిన ప్రతిదాన్నీ ఇప్పుడు పంపేస్తోంది. అంటే లిండాకి నేను రాసిన క్షమాపణ కూడా... ల్యాప్‌టాప్ తెరిచి, పంపిన మెయిళ్లు చూశాను. ఇక్కడ పని చేయడం నాకెంతో ఇష్టమని రాద్దామని, ఇంగ్లిష్‌లో 'ఐ క్వైట్ ఎంజాయ్' అని మొదలుపెట్టాను. క్వైట్‌కి చివర 'ఇ' ఉంటుంది. ఆ 'ఇ' కొట్టేముందు స్పెల్లింగ్ గురించి సందేహం వచ్చి ఆగాను. ఆ ఆగినప్పుడే హెరాన్ దాచింది, పంపింది. అలా లిండాకి చేరిన మెయిల్‌లో ఉన్నవి రెండే మాటలు.

ఐ క్విట్.

నేను ఉద్యోగం మానేస్తున్నాను అని.

మిచిగన్‌కి ఫోన్ చేశాను. వాల్టర్ సరస్సు మీద పడవలో ఉన్నాడు.

"డ్రాఫ్టుల జోలికి వెళ్లారా?" అన్నాడు, నేనింకా హలో అనకముందే.

"ఒకే కోడ్ రెండు చోట్ల ఉందండీ."

"ఒకే కోడ్ కాదు. ఒకచోట పంపు అని ఉంటుంది, ఇంకోచోట పంపకు అని ఉంటుంది. మిగతాదంతా ఒకటే."

పడవ ఒడ్డుకు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. సాయంత్రానికల్లా నేను పీకిన కోడ్‌ని యథాస్థానంలో పెట్టి కొత్త వెర్షన్ వదిలాడు. అప్పటికి ఎన్ని ఊళ్లలో, ఎందరి కడుపులోని మాటలు బయటపడ్డాయో దేవుడికే తెలియాలి.

ఇంటికి వెళ్తూ కార్‌లో నేనే మాట కదిపాను. "నీ డ్రాఫ్టుల్లో ఏమీ లేవు కదా?"

"ఫోన్ చూసుకోండి," అంది సునీత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆవిడే డ్రైవ్ చేస్తోంది.

చూసుకున్నాను. "కిచెన్ సింక్ కింద నీళ్లు కారుతున్నాయి. నోటితో చెబితే వినరు. మెయిల్ చేస్తే సింక్ సంగతి వదిలేసి హెరాన్ ఎంత బాగా పనిచేస్తోందో చూశావా అంటారు. అందుకని ఇది పంపడం లేదు."

ఆ సాయంత్రం సింక్ కింద దూరాను. ఒకరిని కాపాడాలనే తపన మనిషిలో ఉంటే దానికి ఇంట్లోనే బోలెడు అవకాశాలున్నాయని ఆ పైపు నాకు చెప్పింది. మొహం మీదే చెప్పింది.

సోమవారం లిండా పిలిచింది. లాయర్ నంబరు జేబులో పెట్టుకుని వెళ్లాను.

"నీ దగ్గర్నుంచి చాలా మెయిళ్లు వచ్చాయి," అంది. "మొదటిదాంట్లో నేను ఈ పదవికి పనికిరానని ఉంది. తర్వాత 'డియర్' అని ఒకటి. 'డియర్ లిండా' అని ఒకటి. 'డియర్ లిండా, ఐయామ్ నాట్ సారీ' అని ఒకటి."

"సారీ మాత్రమే కాదు, సిగ్గుపడుతున్నాను కూడా అని రాయబోయాను."

"తర్వాత, ఆఖరి క్షమాపణకి ముందు, 'ఐ క్విట్'. హెచ్ఆర్ వాళ్లు ఇది రాజీనామా కిందికి వస్తుందా అని అడిగారు."

"మీరేమన్నారు?"

"ఒక మెయిల్ సరిగ్గా పంపడం రానివాడికి రాజీనామా చేయడం మాత్రం ఎలా వస్తుంది, లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాను."

చదువు, అనుభవం, సర్టిఫికెట్లు ఇవేవీ నా ఉద్యోగాన్ని కాపాడలేదు. నా అసమర్థత మీద నా మేనేజర్‌కి ఉన్న అచంచలమైన విశ్వాసం కాపాడింది. గ్రీన్ కార్డు కాగితాల మీద సంతకం పెడుతూ, ఈమెయిల్‌కి సంబంధించిన ఏ టికెట్టూ నాకు ఇవ్వొద్దని అక్కడికక్కడే టీమ్‌కి చెప్పింది. నోటిమాటగా చెప్పింది. మెయిల్ పంపలేదు.

హెరాన్ సంగతి చెప్పాలి. కొంగ రంగు మీద కూడా ఏనాడూ ఒక్క మాట మీదికి రాని ఆ మెయిలింగ్ లిస్టు మొట్టమొదటిసారి ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మురళి అనేవాడికి కోడ్‌లోకి ప్రవేశం లేదని. కమిటీయా కౌన్సిలా అని కొట్టుకున్న వాళ్లంతా నన్ను దూరంగా ఉంచడమనే ఉమ్మడి లక్ష్యంతో నిజంగానే ఒక కమిటీగా ఏర్పడ్డారు. అందులో ఇద్దరు కోడ్ రాయడం కూడా మొదలుపెట్టారు. వాల్టర్ అలసట ఎగిరిపోయింది. మూసేద్దామన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు. తాను తప్పుకుంటే ఎవరు వస్తారో ఆయన కళ్లారా చూశాడు కదా. హెరాన్ రేపు ఉంటుందో లేదో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేరు. నిధులు అంతంతమాత్రమే. కానీ బతికే ఉంది. నేను లేకుండా బతికి ఉంది.

శ్రీకాంత్ నాతో మాట్లాడుతున్నాడు. పాడుతున్నాడు కూడా. వాడి పాటకు అడ్డుచెప్పే ధైర్యం ఇప్పుడు ప్రభాకర్ గారికి లేదు. ఆ పాపం కూడా నా ఖాతాలోనే.

మొన్నామధ్య ఇంకో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ గురించి చదివాను. క్యాలెండర్ ప్రోగ్రామ్. చూసుకునేవాడు తప్పుకున్నాడట, ఎవరైనా ముందుకు రండని ప్రాధేయపడుతున్నారు. వేళ్లు దురద పెట్టాయి. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను. అగ్నిసాక్షిగా ప్రమాణం చేద్దామంటే మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది కరెంటు పొయ్యి. సరే, ఎర్రగా కాలిన ఆ కాయిల్ మీద చెయ్యి చాచి, సునీత వింటుండగా గంభీరంగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ సాఫ్ట్‌వేర్ ప్రాణం మీదికి వచ్చినా నేను కాపాడబోను. ఆపదలో ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆమడ దూరంలో ఉంటాను. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి నేను చేయగలిగిన అతి గొప్ప సేవ అదే.

"ప్రమాణం అయిపోయిందా?" అంది సునీత. "అయితే జరగండి, పప్పు పెట్టాలి."